టీవీ ఆగిన మధ్యాహ్నం

చెంపదెబ్బ మూడోసారి పడింది. కొట్టింది ఒక్కసారే, టీవీలో చూపించేది మాత్రం మూడుసార్లు. ఒకసారి కోడలి వైపు నుంచి, ఒకసారి అత్తగారి గాజుల మీదుగా, చివర్న గుమ్మంలో నిలబడ్డ ఆడపడుచు ముఖం మీద, ప్రతిసారీ నిండు బిందె మెట్ల మీంచి దొర్లినట్టు చప్పుడు. ఆ చప్పుడు కోసమే తను రోజూ ఈ వేళకి కూర్చుంటోందేమోనని సూర్యకళకి ఈమధ్య అనుమానంగా ఉంది. కథ ఆవిడకి సరిగా గుర్తుండదు. ఏ కోడలు ఎవరి కూతురో, ఎవరు చచ్చిపోయి మళ్ళీ ఎలా బతికొచ్చారో చంద్రరావుని అడగాలి. ఆయనేమో పడక్కుర్చీలో ఫోను ముక్కుకి ఆనించుకుని ఎవరో చేపల పులుసు కాస్తుంటే చూస్తూ ఉంటాడు, అడిగితే ఊఁ అంటాడు. ఇద్దరూ రిటైరయ్యారు, ఆయన హైస్కూలు ఆఫీసులో గుమాస్తాగా, ఆవిడ బస్సు కండక్టరుగా. జీవితమంతా నిలబడి బతికిన మనిషి. ఆఖరి రోజున దండ వేసి, శాలువా కప్పి, ఇంక హాయిగా కూర్చుని టీవీ చూసుకోండి మేడం అన్నారు డ్రైవర్లు. అందరూ నవ్వారు, తనూ నవ్వింది, ఇంతకంటే మంచి దీవెన ఏముంటుంది అనుకుంది. వచ్చి కూర్చుంది. నిలబడ్డన్నాళ్ళూ నోరెత్తని మోకాళ్ళు కూర్చున్నాక మొదలుపెట్టాయి. రాత్రి నిద్ర తగ్గింది, పగలు కునుకు పెరిగింది, ఆకలి ఎప్పుడేస్తుందో తెలీదు, కోపం మాత్రం వేళకి వస్తుంది. అన్నం తిని, బీపీ బిళ్ళ వేసుకుని, దివాను మీద మోకాళ్ళ కింద దిండు పెట్టుకున్నాక, సరిగ్గా సీరియల్ పాట మొదలయ్యేసరికి, కడుపులో ఎక్కడో పొయ్యి రాజుకున్నట్టు.

వాల్యూం ఇంకాస్త పెంచింది. చెవులు తగ్గాయి. ఇంజను పక్కన అన్నేళ్ళు నిలబడితే తగ్గవూ మరి. డాక్టరు మిషను పెట్టుకోమన్నాడు, చెవిలో మిషను పెడితే ముసలిదాన్నని నలుగురికీ చాటింపు వేసుకున్నట్టే అని ఒప్పుకోలేదు. చేతిలో రిమోటు ఉండగా మిషను దేనికి. కిటికీ అద్దాలు దాటి రోహిణి కార్తె ఎండ తెల్లగా గోడ మీద నిలబడింది, ఫ్యాను వేడిగాలినే తిప్పి తిప్పి మళ్ళీ మొహాన కొడుతోంది. సీరియల్ అయ్యాక నేరాల ప్రోగ్రాం వస్తుంది. అది ఇంకా ఇష్టం. ఎవరికీ చెప్పుకోదు గానీ అదే ఇష్టం. భార్య తమ్ముడితో కలిసి మొగుణ్ణి రోకలితో ఎలా కొట్టిందో, ముందు ఎక్కడ తగిలిందో, అతను ఎటు పాకాడో, లావుపాటి గొంతు ఒకటి పక్కనుంచి చెబుతూ ఉంటే ఆవిడ బొటనవేలు రిమోటు మీద ఆగిపోతుంది, ఊపిరి కూడా. చిన్నప్పుడు కోడిని కోస్తుంటే మొహం తిప్పుకున్న పిల్ల తనేనా. అరవై దాటాక ఇదేం రుచో. చంద్రరావు మజ్జిగ తాగితే గుటక గుటకకీ చప్పుడవుతుంది, ఒక్కోసారి ఆ చప్పుడు వింటుంటే పెరట్లో పడున్న రుబ్బురోలు పొత్రం తెచ్చి ఆ బట్టతల మీద వేస్తే ఎలా ఉంటుందో కళ్ళకి కడుతుంది, గిన్నె దొర్లుతుంది, మజ్జిగ గచ్చు మీద పారుతుంది, ఎరుపు కలుస్తుంది. తర్వాత ఇంకాస్త పొయ్యమంటారా అని అడిగి పోస్తుంది. పాపం ఆయన ఏనాడూ తన మీద చెయ్యెత్తలేదు. చెయ్యెత్తినవాడు వేరే.

వాడి పేరు కూడా తెలీదు. జంగారెడ్డిగూడెం బస్సు. పామాయిల్ తోటలు అప్పుడప్పుడే రోడ్డు దాకా వస్తున్న రోజులు. పొగాకు సీజను, బస్సు నిండా మనుషులు, మూటలు, చెమట. ఒక కాలేజీ పిల్ల కడ్డీ పట్టుకుని నిలబడింది, వాడు ఆ పిల్ల వెనక. తెల్లచొక్కా, జేబులో రెండు పెన్నులు, చూస్తే పెద్దమనిషే. ముందుకి జరగండి అంది సూర్యకళ. జరగలేదు. పిల్ల ఏడుపు మొహం పెట్టింది. ముందుకి జరగండి, మీకే చెప్పేది, అంది, ఈసారి గట్టిగా. వాడు వెనక్కి తిరిగి చూసి, తాపీగా, దోమని కొట్టినట్టు చెంప మీద కొట్టాడు. ఒక్కసారే. అక్కడ మూడుసార్లు చూపించేవాళ్ళు ఎవరూ లేరు. టిక్కెట్ల కట్ట కింద పడింది. బస్సులో అందరూ ఒకేసారి కిటికీల్లోంచి బయటికి చూశారు, ఆ తోటల్లో అంత చూడదగ్గది ఏముందో. డ్రైవరు అద్దంలోంచి చూసి కళ్ళు దించుకున్నాడు. ఆవిడ వంగి టిక్కెట్లు ఏరుకుంది. రైట్ అంది. ఆ గొంతు తనదేనా అనిపించింది అప్పుడు, ఇప్పుడూ అనిపిస్తుంది. వాడు కొయ్యలగూడెంలో దిగి, చొక్కా సర్దుకుని, దుకాణంలో సోడా తాగుతూ నిలబడ్డాడు. ఇంటికొచ్చాక చెంప వాచిందేం అని చంద్రరావు అడిగితే పన్ను నొప్పి అంది. ఆనాటి నుంచి వాణ్ణి ఎన్నిసార్లు చంపిందో. కదులుతున్న బస్సులోంచి తోసింది. వెనక చక్రం కింద పెట్టింది. ఏళ్ళు గడిచేకొద్దీ మర్చిపోతాననుకుంది, పనిలో ఉన్నన్నాళ్ళు మర్చిపోయింది కూడా. ఇదుగో ఈ తీరిక వచ్చాకే వాడు రోజూ మధ్యాహ్నం వచ్చి కూర్చుంటున్నాడు, టీవీ కొత్త కొత్త పద్ధతులు చూపిస్తుంటే ఒక్కొక్కటీ వాడి మీద వేసి చూసుకుంటోంది. వాడు ఈపాటికి పోయే ఉంటాడు, మంచం మీద, మనవల మధ్య, నోట్లో తులసి నీళ్ళతో. అది తలుచుకుంటే ఇంకా మండుతుంది.

తెర మీద అత్తగారు మళ్ళీ చెయ్యెత్తింది. కోడలు గోడకి ఆనుకుంది. దబ్ అని చప్పుడు, అమ్మా అని కేక, ఏదో వస్తువు నేల మీద పడి దొర్లింది, ఆడమనిషి ఊపిరి ఎగబీల్చి వద్దండీ వద్దండీ అంటోంది, సూర్యకళ మెడ ముందుకి సాచింది, కానీ అత్తగారి చెయ్యి ఇంకా గాలిలోనే ఉందే అనుకునేలోపు కరెంటు పోయింది.

టీవీ ఆగింది. ఫ్యాను ఆగింది. చప్పుడు ఆగలేదు.

దబ్. మళ్ళీ. ఈసారి సన్నగా, గాలిని కోసినట్టు ఇంకో చప్పుడు, దాని వెనక ఆ గొంతు. వద్దండీ. నల్లగా అయిపోయిన తెరలో తన మొహమే కనిపిస్తోంది సూర్యకళకి, నోరు తెరుచుకుని, నెరిసిన జుట్టుతో, ఎవరో ముసలామె తనవంక ఆశగా చూస్తున్నట్టు. చప్పుడు తెర వెనకనుంచే వస్తోంది. తెర వెనక గోడ. గోడ వెనక పక్క పోర్షను. అందులో కిరణ్, దుర్గాశ్రీ. కిరణ్ బైకుల షోరూంలో పని చేస్తాడు, మధ్యాహ్నం భోజనానికి ఇంటికొస్తాడు, గుమ్మంలో ఎదురుపడితే పిన్నిగారూ మందులేసుకున్నారా అంటాడు. ఆ అమ్మాయిది పిఠాపురం, పెళ్ళై వచ్చి నిరుడు ఈ వేళకి ఇక్కడ దిగింది, ఎండాకాలంలో పొడుగుచేతుల జాకెట్టు ఏంటమ్మా ఉక్కపొయ్యదూ అని అడిగితే నవ్వి, అలవాటండి అంది. అలవాటు. దబ్.

"ఏవండీ, వింటున్నారా?"

"సబ్‌స్టేషన్‌లో పోయుంటుంది. వస్తుందిలే," అన్నాడు చంద్రరావు ఫోనులోంచి తలెత్తకుండా.

"కరెంటు సంగతి కాదు. పక్కింట్లో."

ఆయన ఫోను ఒళ్ళోకి దించాడు. ఆయన చెవులు బాగానే పనిచేస్తాయి. గోడవైపు చూడలేదు, కిటికీ వైపు చూశాడు, బయట ఎండ తప్ప ఏమీ లేని చోటికి.

"మొగుడూ పెళ్ళాల గొడవ సూర్యకళా. మనకెందుకు."

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఏమో. అప్పుడప్పుడూ." గొంతు సవరించుకున్నాడు. "నీకు బీపీ. చెప్తే ఊరుకోవు కదా. నీకు ఎలాగూ టీవీ మోతలో వినపడదు, ఎందుకులే అనుకున్నాను."

ఆవిడ ఆయన్ని చూసింది. నలభయ్యేళ్ళుగా చూస్తున్న మొహం, చెడ్డవాడు కాదు, చీమని తొక్కితే అయ్యో అనే మనిషి, ఆ మొహం మీద బస్సు కిటికీలన్నీ కనిపించాయి. పొత్రం గుర్తొచ్చింది. దిండు పక్కకి తోసి కాళ్ళు కింద పెట్టింది. మోకాలు కలుక్కుమంది. "ఎక్కడికే, ఆగు, ఆ కుర్రాడు కోపిష్టి, నీ మాట వింటాడా," అంటున్నాడు వెనక నుంచి, వింటూనే చెప్పులు వేసుకుంది, ఎడమది కుడికి, కుడిది ఎడమకి, అలాగే బయటపడింది. వరండా గచ్చు పెనంలా ఉంది. వీధిలో పిల్లి కూడా లేదు. ఎదురింటి డాబా మీద ఎండబెట్టిన మామిడికాయ ముక్కల వాసన. తన గుండె చెవుల్లో కొట్టుకుంటోంది, ఇది భయమేనా, భయమైతే నోట్లో ఇంత నీళ్ళెందుకు ఊరుతున్నాయి. వెళ్ళి ఏం చెయ్యాలో తెలీదు. తలుపు కొట్టాలి, అంతే. కొట్టింది. లోపల చప్పుడు ఆగింది. మళ్ళీ కొట్టింది, అరచేత్తో, దిగాల్సినవాళ్ళు దిగాలి అని బస్సు రేకు మీద చరిచినట్టు.

చెక్క తలుపు తెరుచుకుంది. దాని ముందు ఊచల గ్రిల్లు తలుపు. ఊచల వెనక కిరణ్, జుట్టు చెదిరి ఉంది, షోరూం చొక్కా చెమటకి ఒంటికి అంటుకుంది, మొహం నిండా మర్యాద.

"ఏంటండి పిన్నిగారూ, మీకూ పోయిందా కరెంటు? ఫోన్ చేసి కనుక్కుంటానుండండి."

"దుర్గాశ్రీని పిలు."

"పడుకుందండి. తలనొప్పంది."

"పిలు ఒకసారి."

"పడుకుందని చెప్పాను కదండీ." గ్రిల్లు తలుపు గడియ తీసి బయటికి నెట్టాడు, ఆవిణ్ణి మాటల్లో పెట్టి మెట్ల దాకా దింపి వద్దామన్నట్టు. గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాడు, ఒక చెయ్యి చట్రాన్ని పట్టుకుని. రెండో చేతిలో ఛార్జర్ తీగ రెండు మడతలు వేసి ఉంది. ఆ చెయ్యి కిందినుంచి, ఆ చెమట చొక్కా పక్కనుంచి, లోపల ఫ్రిజ్జు మొదట్లో కూర్చున్న మనిషి కనిపించింది. రెండు చేతులూ నోటి మీద. వేళ్ళ సందుల్లోంచి కారి మోచేతి మీద చుక్కలు. అన్నం గిన్నె బోర్లా పడి, మెతుకులన్నీ కాళ్ళ చుట్టూ. ఆ పిల్ల సూర్యకళని చూసింది, చూసి తల అడ్డంగా ఊపింది, వెళ్ళిపొమ్మని. తనని బతిమాలుతోంది వెళ్ళిపొమ్మని.

"అమ్మాయ్, లే. మా ఇంటికి రా," అంది సూర్యకళ.

"మీరు పెద్దవారు, పెద్దవారిలా ఉండండి," అన్నాడు కిరణ్, ఇంకా మెల్లగానే.

"జరుగు," అంది.

అతను చెంప మీద కొట్టాడు. తీగ ఉన్న చేత్తోనే, మోటుగా, దోమని కొట్టినట్టు కాదు, లెక్కపెట్టుకుని కూడా కాదు, అడ్డొచ్చిన తలుపుని నెట్టినట్టు. సూర్యకళ కళ్ళజోడు ఎగిరిపోయింది. ఆవిడ వెనక్కి పడింది, మోచెయ్యి గచ్చుకి తగిలి చెయ్యంతా తిమ్మిరెక్కింది, ఒక్క క్షణం ఆకాశం తప్ప ఏమీ లేదు, తెల్లటి ఆకాశం. ఆ తెలుపులోంచి పెన్నుల జేబు, సోడా సీసా, ఏరుకున్న టిక్కెట్లు. చెయ్యి చాస్తే గ్రిల్లు తలుపు ఊచ దొరికింది. ఎండకి కాలిపోతోంది. దాన్ని పట్టుకుని లేచింది, ఏ మోకాలూ అడ్డం చెప్పలేదు. కిరణ్ లోపలికి తల తిప్పి దుర్గాశ్రీతో ఏదో అంటున్నాడు, ఎడమచేతి వేళ్ళు ఇంకా చట్రం మీదే ఉన్నాయి, నాలుగూ వరసగా. ఇరవయ్యేళ్ళకి పైగా బస్సు తలుపులు వేసిన భుజం అది. భుజం ఆనించి, ఒళ్ళంతా బరువు చేసి ఆ వేళ్ళ మీద తలుపు వేసింది.

ఇనుముకీ ఇనుముకీ మధ్య చప్పుడు వేరేగా ఉంది. టీవీలో ఎప్పుడూ అలాంటిది వినలేదు, తడిసిన చెరుకు గానుగలో పడ్డట్టు. కిరణ్ అరవలేదు ముందు, ఆశ్చర్యంగా చూశాడు, ఆ తర్వాత అరిచాడు, మోకాళ్ళ మీద కూలబడ్డాడు, చెయ్యి గుమ్మం మీద చాపి. తలుపు వెనక్కి లాగి మళ్ళీ వేసింది. ముంజేతి మీద పడింది. పిన్నిగారూ అన్నాడు. ఆ పిలుపు వినపడింది ఆవిడకి, స్పష్టంగా వినపడింది, ఆ చెవుడంతా ఏమైందో, వీధి చివర సైకిలు బెల్లు కూడా వినపడుతోంది, వినపడుతూనే మళ్ళీ లాగింది, మళ్ళీ వేసింది. చాలు అని లోపల ఎవరో అంటున్నారు, చాలదు అని ఇంకెవరో అంటున్నారు, చాలదు అన్నది తన గొంతు. ఒళ్ళంతా తేలిగ్గా ఉంది. ఇంత తేలిగ్గా ఎప్పుడుంది, పెళ్ళిలోనూ లేదు, మొదటి జీతం నాడూ లేదు. వాడు పెన్నుల జేబువాడు, వాడు కిరణ్, వాడు అద్దంలో కళ్ళు దించుకున్న డ్రైవరు, వాడు కిటికీ వైపు చూసిన చంద్రరావు, గ్రిల్లు తలుపు అందరి మీదా పడుతోంది.

"ఆపండి. అమ్మా, ఆపండి. చచ్చిపోతాడండి."

దుర్గాశ్రీ. ఎప్పుడు లేచిందో, కిరణ్ వెనక నిలబడి ఉంది, గడ్డం అంతా ఎర్రగా, తలుపు ఊచల్ని అటునుంచి రెండు చేతులతో పట్టుకుని తన మీదికి నెడుతోంది. ఇద్దరాడవాళ్ళ మధ్య తలుపు వణికింది. ఊచల మధ్య ఆ పిల్ల కళ్ళు. ఆ కళ్ళు ఇందాక ఫ్రిజ్జు మొదట్లో నుంచి ఎలా చూశాయో ఇప్పుడూ అలాగే చూస్తున్నాయి, వెంట్రుకవాసి తేడా లేకుండా. సూర్యకళ చేతులు వదిలేసింది.

తర్వాతంతా ముక్కలు ముక్కలుగా జరిగింది. కిరణ్ చెయ్యి పొట్టకి హత్తుకుని, వాంతి చేసుకుని, లేచి, మెట్ల మీంచి వీధిలోకి పరుగెత్తాడు, బూతులు తిట్టాలని చూస్తే మాట రాలేదు. ఎదురింటివాళ్ళు తలుపులు తెరిచారు, కరెంటు పోయినందుకు వచ్చారో చప్పుడుకి వచ్చారో. చంద్రరావు చెప్పులు లేకుండా కాలే గచ్చు మీద నిలబడి పోలీసులకి ఫోన్ చేస్తున్నాడు, మూడు అంకెలు నొక్కడానికి రెండుసార్లు తప్పాడు. నీళ్ళు తెచ్చాడు, సగం ఒలికాయి.

"వాడే తలుపు వేసుకున్నాడని చెబుదాం," అన్నాడు నెమ్మదిగా. "గాలికి పడిందని చెబుదాం. నువ్వు పెద్దదానివి, నమ్ముతారు."

"గాలేదండీ?" అంది సూర్యకళ. నిజంగానే ఆకు కదలడం లేదు. "నేనే కొట్టానని చెప్తాను. ఆపకుండా కొట్టానని చెప్తాను. మీరు విన్నవన్నీ మీరు చెప్పండి. ఎన్నాళ్ళ నుంచి విన్నారో, ఏమేం విన్నారో, అన్నీ."

ఆయన తలూపి, గ్లాసు అక్కడే పెట్టి, కళ్ళజోడు వెతకడానికి వంగాడు. వంగినవాడు చాలాసేపు లేవలేదు.

దుర్గాశ్రీ వరండా అరుగు మీద కూర్చుంది, పమిట చెంగుతో నోరు అదుముకుని. చెంప ఒకవైపు ఉబ్బి మాట సరిగా రావడం లేదు.

"మీరు టీవీ పెట్టేదాకా ఆగేవాడండి," అంది, ఎవరి మీదా నేరం మోపకుండా, కుళాయి ఎప్పుడొస్తుందో చెప్పినట్టు. "భోంచేసి కూర్చునేవాడు. పాట వచ్చేదాకా ఏమీ అనేవాడు కాదు. మీరు సౌండు పెంచితే లేచేవాడు. నాకు ఆ పాట వింటే చేతులు చల్లబడిపోయేవండి."

సూర్యకళ తన చేతివంక చూసుకుంది. రిమోటు మీద బొటనవేలు, ఇంకాస్త, ఇంకాస్త. కోడల్ని గోడకి కొట్టే చప్పుడుకి ఊపిరి బిగబట్టి మెడ సాచి కూర్చున్న తను. ఎన్ని మధ్యాహ్నాలు, వాటిలో ఏ కేక ఏ ఇంటిదో. ఇది ఆ పిల్లకి చెప్పి ఏడవాలనిపించింది, వెంటనే సిగ్గేసింది, ఆ పిల్ల నోట్లో రక్తం పెట్టుకుని తనని ఓదార్చాలా. ఇందాకటి తేలిక ఎటుపోయిందో, ఒళ్ళంతా సీసంలా ఉంది, మోకాళ్ళు మళ్ళీ తనవయ్యాయి. అయినా అడుగున ఎక్కడో, చల్లారని బొగ్గులా, ఇంకో దెబ్బ వేసి ఉండాల్సింది అనే మాట ఉంది. అది ఉందని ఆవిడకి తెలుస్తూనే ఉంది. దాన్ని ఏం చెయ్యాలో తెలీలేదు.

ఆ పిల్ల జుట్టు చెమటకీ రక్తానికీ చెంప మీద అంటుకుపోయింది. తీసి చెవి వెనక్కి పెడదామని చెయ్యి చాపింది సూర్యకళ. దుర్గాశ్రీ ఒక్కసారిగా మోచెయ్యి మొహానికి అడ్డం పెట్టుకుని, గోడ వైపు ముడుచుకుపోయింది.

చెయ్యి గాలిలోనే ఆగింది.

"కొట్టనమ్మా," అంది సూర్యకళ.

"తెలుసండి," అంది దుర్గాశ్రీ, మోచెయ్యి దించకుండానే.

సూర్యకళ చెయ్యి వెనక్కి తీసుకుంది. కాస్త ఎడంగా, అదే అరుగు మీద కూర్చుంది, కూర్చుని రెండు చేతులూ తన ఒళ్ళో పెట్టుకుంది, అరచేతులు పైకి తిప్పి, ఆ పిల్లకి రెండూ కనపడేలా. ఊచల కాలిన గీతలు ఎర్రగా లేస్తున్నాయి అరచేతుల మీద. వీధి మొగలో పోలీసు జీపు తిరిగింది, జనం దారిచ్చారు. సూర్యకళ చేతులు కదపలేదు. పక్కన మోచెయ్యి ఒక బెత్తెడు కిందికి దిగింది.